సవరణ: అఫ్గానిస్తాన్ తొలి టెస్టు గెలుపు

అఫ్గాన్ క్రికెట్ ఎదుగుదల మీద రాసిన పోస్టులో వాళ్ల తొలి టెస్టు విజయం 2019 సెప్టెంబరులో చట్టోగ్రామ్‌లో బంగ్లాదేశ్ మీద అని ఉంది. అది రెండోది. మొదటిది అదే ఏడాది మార్చిలో, డెహ్రాడూన్‌లో ఐర్లాండ్ మీద, 7 వికెట్ల తేడాతో. సొంతగడ్డ మీద ఆడే వీల్లేక మన దేశపు మైదానాన్నే హోమ్ గ్రౌండ్ చేసుకున్న రోజులవి. ఆ మ్యాచ్‌లో కెప్టెన్ స్పిన్నర్ రషీద్ ఖాన్ కాదు, అస్గర్ అఫ్గాన్.

అఫ్గాన్ బ్యాటర్ రహ్మత్ షా డెహ్రాడూన్‌లో తొలి ఇన్నింగ్స్‌లో 98 దగ్గర అవుటయ్యాడు, పాపం! రెండో ఇన్నింగ్స్‌లో 76 కొట్టి 147 పరుగుల లక్ష్యాన్ని దాదాపు ఒడ్డున పడేశాడు. అఫ్గాన్ల తొలి టెస్టు సెంచరీ మాత్రం చట్టోగ్రామ్‌లోనే, అదీ అతనిదే. ఒకప్పుడు ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్‌కు ఆడినవాడు కాబట్టి ఆ జట్టు అభిమానులకు రషీద్ 11 వికెట్లే గుర్తుంటాయి, అవీ చట్టోగ్రామ్‌వే. 2017లో అఫ్గానిస్తాన్‌కు ఐసీసీ (అంతర్జాతీయ క్రికెట్ మండలి) పూర్తి సభ్యత్వం వచ్చిందన్న మాటలో మార్పు లేదు.