అందరినీ అడిగి, సెల్‌ని మాత్రం అడగని మాడ్యూల్ గారికి

మహారాజశ్రీ ఫాస్ట్ ఛార్జింగ్ మాడ్యూల్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నా కుడిచేతి చూపుడువేలు మాత్రం అంత క్షేమంగా లేదు. మొన్న రాత్రి తమరు, అంటే నేను సొంతంగా చేసుకున్న పవర్‌బ్యాంక్‌లోని ఛార్జింగ్ బోర్డుగారు, పనిలో ఉండగా, మీ కాయిల్ పక్కన కూర్చున్న నల్ల చిప్‌ని పలకరింపుగా ఒకసారి తాకాను. చురుక్కుమని సమాధానం వచ్చింది.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి, ఊపిరి మిగిలి ఉన్న రెండు 18650 రకం లిథియం అయాన్ సెల్స్ ఏరుకుని, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ తగిలేలా నికెల్ పట్టీతో ప్యారలల్‌గా కలిపి, ఎర్ర తీగ బ్యాటరీ కోసం మీరుంచిన బి ప్లస్‌కి, నల్ల తీగ బి మైనస్‌కి సోల్డర్ చేసి మీ చేతిలో పెట్టింది నేనే. తీగలు పెట్టగానే మీరు వెలగలేదు. పోయారేమో అనుకున్నాను. తీగలు పీకి మళ్లీ అతికించాను, మల్టీమీటర్ పెట్టి చూశాను, చివరికి దణ్ణం కూడా పెట్టాను. ఒకసారి ఛార్జర్ గుచ్చితే తప్ప తమరు నిద్ర లేవరని తరవాత తెలిసింది. పెద్దవాళ్ల అలవాట్లు అలాగే ఉంటాయి, దానికి నేనేమీ అనుకోలేదు.

మీ ఒంటి మీద 22.5 వాట్లు అని తెల్లటి అక్షరాల్లో ఉంది. ఉత్త 20 అని ఉంటే కాస్త అనుమానపడేవాణ్ణేమో. దశాంశం దాకా లెక్క చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ గురి. ఆ 22.5 ఫోన్ వైపు బయటికి పోయేదనీ, లోపలికి వచ్చేది 18 మాత్రమేననీ, ఆ రెండూ కూడా ఛార్జరు, కేబులు, ఫోను, సెల్లు అందరూ సరేనంటేనే దక్కుతాయనీ మీరెక్కడా రాసుకోలేదు. చోటు చాలలేదేమో.

పోనీ ఆ లెక్కే చూద్దాం. ఫోన్‌కి 22.5 వాట్లు ఇవ్వాలంటే 3.7 వోల్టుల సెల్స్ నుంచి మీరు ఎంత లాగాలి? భాగిస్తే 6 ఆంపియర్లు. వోల్టేజ్ పెంచే పనిలో మీరు వేడిగా తగలేసేది కూడా కలిపితే ఆరున్నర దాటుతుంది. అంటే నా రెండు ముసలి సెల్స్ తలా మూడు ఆంపియర్లకు పైగా మోయాలి. ఫోన్ తగిలించిన కాసేపటికే వాటి వోల్టేజ్ జారిపోయింది, మీరు బ్యాటరీ అయిపోయిందని దీపం ఆర్పేసి కూర్చున్నారు. ఫోన్ తీసేసి మీటర్ పెట్టి చూస్తే 3.6 వోల్టులు. ఛార్జ్ ఇంకా కాస్త మిగిలే ఉంది, అయిపోయింది వాటి ఓపిక.

ఇది చిన్న ఫిర్యాదు. అసలు సంగతి వేరే ఉంది.

మీరు ఛార్జర్‌తో మాట్లాడే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. టైప్ సి కేబుల్ గుచ్చగానే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు చూపించి, నేనున్నాను, నాకు కరెంటు కావాలి అని విన్నవించుకుంటారు. ఛార్జర్ తన దగ్గరున్న సరుకంతా చదువుతుంది. 5 వోల్టులున్నాయి, 9 ఉన్నాయి, 15, 20 ఉన్నాయి, ఒక్కోదానికి ఇన్ని ఆంపియర్లు అని. మీరు 9 చాలంటారు. అది సరేనంటుంది, వోల్టేజ్ పెంచి, సిద్ధంగా ఉందని మళ్లీ కబురు పెడుతుంది. అవతల పాత రకం ఛార్జర్ ఉంటే తమరు భాష మార్చేస్తారు. డేటా తీగల్లో ఒకదాని మీద 3.3 వోల్టులు, రెండోదాని మీద 0.6 పెట్టి సైగ చేస్తారు, అదీ తలూపి 9 ఇస్తుంది. మీ లోకంలో 3 ఆంపియర్లు దాటి ఇవ్వాలంటే కేబుల్‌లో దాక్కున్న చిప్‌ని కూడా మర్యాదగా అడగాలి. ఇన్ని పలకరింపులు, ఇన్ని రాయబారాలు, అన్నీ కనురెప్ప వేసేలోపు.

పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంతమందిని సంప్రదించడు. ఇంతా చేసి, ఆ కరెంటు చివరికి ఎవరి ఒంట్లోకి పోవాలో ఆ సెల్‌ని మాత్రం ఒక్క మాట అడగలేదు.

సెల్ అంటే మరీ అంత తేలికైపోయిందా? 1991లో సోనీ లిథియం అయాన్ సెల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ బ్యాటరీని సాధ్యం చేసినందుకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యొషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆ సభకి మిమ్మల్ని పిలిచినట్టు నేనెక్కడా వినలేదు. ఛార్జ్ చేస్తున్నప్పుడు లిథియం అయాన్లు ఒక పక్క నుంచి బయల్దేరి, అవతలి పక్క గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకుని కూర్చోవాలి. సర్దుకోవడానికి టైం పడుతుంది. బస్సు ఎక్కేవాళ్లని వెనకనుంచి తోస్తే లోపలికి పోలేక ఫుట్‌బోర్డు దగ్గరే పేరుకుపోతారు చూడండి, అలా తొందరపెడితే లిథియం కూడా గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్లీ పనికిరాదు. చలిలో ఈ తంతు ఇంకా నెమ్మది. వేడి ఎక్కువైతే లోపలి ద్రావణమే చెడుతుంది. అందుకే చాలా సెల్స్‌కి 0 నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జ్ చేయమని తయారుచేసినవాళ్లు రాసిపెడతారు.

కరెంటుకీ ఒక మర్యాద ఉంది. 2600 మిల్లీ ఆంపియర్ అవర్లు అని రాసున్న మామూలు సెల్‌కి సాధారణంగా అందులో సగం, అంటే 1.3 ఆంపియర్లు పోస్తారు. అదీ కొత్తలో. నా సెల్స్‌ని నింపి, ఖాళీ చేసి కొలిస్తే 1800 మిల్లీ ఆంపియర్ అవర్లే తేలాయి. మీరేమో 18 వాట్లు మింగి, 4 ఆంపియర్ల పైచిలుకు వాటి మీద కుమ్మరించారు. తలా 2. మోకాళ్ల నొప్పులవాణ్ణి పట్టుకుని పరుగుపందెంలో నిలబెట్టినట్టు.

అబద్ధాలాడే సెల్స్ లేవని నేననను. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు ఉన్న గొట్టం మీద 9900 అని రాసుకుని తిరిగేవీ ఉన్నాయి. నిజమైన మంచి సెల్‌కే 3500 చుట్టుపక్కల వస్తే గొప్ప. పైన పటారం, లోన లొటారం. అలాంటివాటితోనే మీకు బాగా కుదురుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. వేలు కాలిన రాత్రి మిమ్మల్ని భూతద్దం కింద పెట్టాను. ఒక మూల ఎన్‌టీసీ అని మూడు అక్షరాలు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. థర్మిస్టర్, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే పూస, పెట్టుకునే చోటది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండే ఆ చిన్న పూస, వేడెక్కి 45 దగ్గరికి వస్తే సుమారు సగానికి పడిపోతుంది, గడ్డకట్టే చలిలో దాదాపు మూడింతలవుతుంది. దాన్ని సెల్‌కి ఆనించి టేప్ వేస్తే, సెల్ ఒళ్లు ఎలా ఉందో మీ చిప్‌కి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. మీ చిప్‌కి అడిగే నోరుంది, వినే చెవుంది. అయితే ఆ చెవి దగ్గర ఎవరు కూర్చున్నారు?

నువ్వుగింజంత రెసిస్టర్. దాని వీపు మీద 103 అని ఉంది. 10 పక్కన 3 సున్నాలు, అంటే 10 కిలో ఓమ్‌లు. ఎండైనా, వానైనా, మంటైనా అదే 10 కిలో ఓమ్‌లు.

మీ చిప్ పాపం అడుగుతూనే ఉంటుంది, సెల్ ఎలా ఉందీ అని. ఆ రెసిస్టర్ 25 డిగ్రీలండీ అంటుంది. నా చేతి కింద ప్యాక్ కుంపటిలా ఉంటుంది. 25 డిగ్రీలండీ. అంటించిన టేప్ కమురు వాసన కొడుతుంది. 25 డిగ్రీలండీ, హాయిగా ఉంది, మీరు కానివ్వండి. రాజుగారికి ఊళ్లో అంతా సుభిక్షమని రోజూ విన్నవించే కొలువు ఉద్యోగి ఎవరో నాకు అప్పుడు కళ్లకు కట్టాడు. మీ పాత బంధువు, టీపీ 4056 అనే చిన్న ఛార్జింగ్ చిప్ పరిస్థితీ అంతే. మామూలుగా దొరికే బోర్డుల్లో ఆయన ఉష్ణోగ్రత తెలుసుకునే కాలుని, అంటే పిన్‌ని, ఏకంగా గ్రౌండ్‌కి కలిపేసి, చెవి మూసేశారు. కాకపోతే ఆయన పోసేది మహా అయితే 1 ఆంపియర్. చెవిటివాడైనా నెమ్మదస్తుడు. మీరు చెవిటివారూ, దుడుకువారూ.

మీ ముందు వెలిగే అంకెల గురించి రెండు ముక్కలు. ఛార్జింగ్ మొదలుపెట్టిన కాసేపటికే 80 శాతం దాకా ఎగబాకుతారు. బలవంతంగా కరెంటు తోస్తుంటే, లోపలి అడ్డు వల్ల సెల్ వోల్టేజ్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. దాన్ని చూసి మీరు మురిసిపోతారు. 4.2 వోల్టులు తగిలాక కరెంటు తగ్గించుకుంటూ పోవాలి కాబట్టి, ఆ మిగతా కాస్తా నింపడానికి చాలాసేపు దేకుతారు. తీగ పీకగానే 100 కాస్తా కిందికి జారుతుంది. ఇల్లు అలకగానే పండగ కాదని మీకెవరూ చెప్పలేదా?

చిన్న ఇయర్‌ఫోన్లు తగిలిస్తే ఇంత తక్కువ కరెంటుకి నేను మేలుకోవాలా అని అర నిమిషానికి ముసుగుతన్ని పడుకోవడం గురించి నేనేమీ రాయను. రాస్తే కోపమొస్తుంది.

మీ పక్కన కాపలాకి ఒక ప్రొటెక్షన్ బోర్డు ఉంది కదా, ఇంక భయమెందుకని నా స్నేహితుడు అన్నాడు. ఆ కాపలావాడు సెల్ వోల్టేజ్ 4.3 దగ్గరికి వస్తే పైన, 2.4కి పడిపోతే కింద తలుపులేస్తాడు, షార్ట్ అయితే అరుస్తాడు. మధ్యలో జరిగే దొమ్మీ అతని డ్యూటీలో లేదు. ఇల్లు కాలుతున్నా గేటు మూసే వేళ కాలేదంటాడు. అతన్నే ఛార్జర్ అనుకుని నేరుగా అడాప్టర్ తగిలించేవాళ్లనీ చూశాను, వాళ్లకి వేరే ఉత్తరం రాయాలి.

నేనేమీ సుద్దపూసని కాదు. నా మొదటి ప్యాక్‌లో ఒక సెల్ 4.1 వోల్టులు, ఇంకోటి 3.4 ఉండగా కొలవకుండా కలిపేశాను. తేడా 0.7 వోల్టులే కదా అనిపిస్తుంది. రెండింటి లోపలి అడ్డూ కలిపి 0.1 ఓమ్ అనుకుంటే, ఆ క్షణంలో ఒకదాన్నుంచి ఇంకోదానికి 7 ఆంపియర్లు దూకుతాయి. పట్టీ ఆనించిన చోట ఠప్‌మని మెరుపు, నా గుండెలో ఒక లబ్‌డబ్ గల్లంతు. అప్పుడు మీరింకా కవర్లోంచి బయటికే రాలేదు. ఆ తప్పు పూర్తిగా నాది. అప్పట్నుంచి ముందు రెండిటినీ ఒకే వోల్టేజ్‌కి తెచ్చి, ఆ తరవాతే కలుపుతున్నాను. నేను నేర్చుకున్నానంటే మీరూ నేర్చుకోవచ్చని ఆశ.

అందుకే నిన్న మీకు చెప్పకుండా ఒక పని చేశాను. క్షమించాలి. సెల్స్ విడదీసి, సోల్డరింగ్ ఐరన్ మొనతో రెండు పక్కలా కాస్త సోల్డర్ పోసి, ఆ 103ని పట్టకారుతో పక్కకి నెట్టేశాను. అతుక్కుని ఉండటం తప్ప ఏ పనీ తెలియనిది కాబట్టి ఊడటానికి చాలాసేపు మొరాయించింది. దాని స్థానంలో రెండు సన్నటి తీగలు, ఆ చివర థర్మిస్టర్. దాన్ని రెండు సెల్స్ మధ్య సందులో దూర్చి, వేడికి తట్టుకునే కాప్టన్ టేప్ చుట్టాను.

మళ్లీ ఛార్జర్ గుచ్చాను. తమరు లేచారు, 9 వోల్టులు బేరమాడుకున్నారు, యూఎస్‌బీ మీటర్‌లో 1.94 ఆంపియర్లు చూపించారు. టేప్ కొంచెం పక్కకి తప్పించి, ఐరన్‌ని ఆ పూస దగ్గరగా, తగలకుండా పట్టుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తరవాత 1.94 కాస్తా సున్నా అయింది. ఐరన్ దూరం జరిపి ఊదాను. అర నిమిషం పోయాక మళ్లీ 1.94.

అర్ధరాత్రి దాటినా ఆ ఆట ఆపలేకపోయాను.

పగలు మాత్రం మీకు పాత 5 వోల్టుల అడాప్టరే తగిలిస్తున్నాను. మీ హోదాకి చిన్నతనమే. సెల్స్‌కి తలా 1.2 ఆంపియర్ల లోపే అందుతోంది, ప్యాక్ గోరువెచ్చగా కూడా అవడం లేదు, మీ కాయిల్ కూత కూడా తగ్గింది.

ఇట్లు,
బర్నాల్ రాసుకుంటూ,
తమ విధేయుడు

తా.క.: పీకేసిన ఆ రెసిస్టర్ పట్టకారులోంచి ఎగిరి బల్ల మీద ఎక్కడో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. ఏ సోల్డర్ ముక్కల మధ్యో కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, 25 డిగ్రీలండీ అంటూనే ఉండుంటుంది.