ఇరవై నిమిషాల పని

కంప్యూటర్ తెలిసినవాడికి చుట్టాలెక్కువ. అక్క పెళ్లయిన నాటి నుంచీ బావగారి దృష్టిలో నేను ఆ శాఖకు మంత్రిని. ఆయన కొత్త ల్యాప్‌టాప్ కొన్న పదో రోజునే కబురొచ్చింది.

"చూడవోయ్, పేరుకు కొత్తదే గానీ నిండా చెత్త. ఆన్ చేస్తే చాలు, నాలుగు పెట్టెలు లేచి అది కొను, ఇది కొను అంటున్నాయి. నువ్వేదో శుభ్రమైన విండోస్ చేసి పెట్టుకున్నావటగా?"

పెట్టుకున్న మాట నిజమే. దాని మీద నాకు కన్నబిడ్డ మీదున్నంత మమకారం. విండోస్ 10ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ తీసుకుని, అందులో నాకు అనవసరం అనిపించినవన్నీ ఒక్కొక్కటే పీకేశాను. ఆటలు పోయాయి, మ్యాపులు పోయాయి, వాతావరణం చెప్పే యాప్ కూడా పోయింది. తల తిప్పి కిటికీలోంచి చూస్తే తెలిసేదానికి యాప్ ఎందుకని నా వాదన. అలా చిక్కి సగమైన ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి, "ఇరవై నిమిషాల పని బావగారూ" అన్నాను. సాక్షి మా అక్క.

ఇన్‌స్టాలర్ చక్కగా లేచింది. భాష అడిగింది, షరతులు ఒప్పుకోమంది. ఆ తర్వాత విండోస్ ఏ డిస్క్‌లో వేయాలో అడగాల్సిన చోట ఖాళీ పెట్టె కనిపించింది. దాని కింద హెచ్చరిక: డ్రైవ్‌లేవీ కనిపించలేదు, స్టోరేజ్ డ్రైవర్ కావాలంటే 'లోడ్ డ్రైవర్' నొక్కండి.

బావగారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "ఇదిగో, లోడ్ డ్రైవర్ అని ఇక్కడే ఉందిగా. నొక్కితే ఏమవుతుంది?"

"అది మామూలు జనానికి బావగారూ. మనం డ్రైవర్‌ని ఇన్‌స్టాలర్‌ లోపలే కలిపేద్దాం. మళ్లీ జన్మలో అడగదు."

ఇదీ నేనన్న మాటే.

షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కాను. నల్లటి కమాండ్ విండో వచ్చింది. డిస్క్‌పార్ట్ అనే డిస్కుల పనిముట్టు తెరిచి, డిస్క్‌ల జాబితా అడిగాను. ఒకే ఒక్క వరస వచ్చింది. డిస్క్ 0, 14 జీబీ.

"దొరికిందోయ్!" అని బావగారు భుజం తట్టారు.

"అది మన పెన్‌డ్రైవ్ బావగారూ."

భుజం మీంచి చెయ్యి మెల్లగా వెళ్లిపోయింది.

విండోస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లి చూస్తే 512 జీబీ ఎస్ఎస్‌డీ అనే డిస్క్ పేరూ ఊరుతో సహా కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్ పీకేసి ఆన్ చేస్తే పాత విండోస్ హాయిగా లేచి, అది కొను ఇది కొను అంటోంది. అంటే పగలు దర్జాగా తిరిగే డిస్క్, రాత్రి నా పెన్‌డ్రైవ్‌ని చూసేసరికి అప్పులవాడిని చూసినట్టు మాయమైపోతోందన్నమాట.

కారణం తెలుసుకోవడానికి ఆ రాత్రి సరిపోయింది. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల దగ్గర నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఒకటి డిస్క్‌కి ముందు కూర్చుంటోంది. పెద్దాయన గదికి ముందు బల్ల వేసుకుని కూర్చునే గుమాస్తా లాంటిదది. విండోస్‌కి ముందు ఆ గుమాస్తాతో మాట్లాడటం రావాలి. రాకపోతే లోపల పెద్దాయన ఉన్నాడన్న సంగతే తెలియదు. ఆ మాటలు నేర్పేదే డ్రైవర్. తయారీదారు వేసిచ్చిన విండోస్‌కి అది వచ్చు, నా విండోస్‌కి రాదు. కొన్ని యంత్రాల్లో బయోస్‌లోనే వీఎండీని ఆపేసే వీలుంటుంది. ఈ ల్యాప్‌టాప్‌లో ఆ మీట కోసం ప్రతి పేజీ గాలించాను. లేదు.

నిజానికి ఇలాంటి బాధ నాకు కొత్త కాకూడదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని వాడినవాళ్లకు తెలుస్తుంది. సెటప్ మొదట్లో నీలం తెర అడుగున ఎఫ్6 నొక్కమని ఒక వాక్యం వచ్చేది. అది కళ్లబడి, అర్థమై, వేలు కీబోర్డు చేరేలోపు మాయమయ్యేది. సమయానికి నొక్కినా డ్రైవర్‌ని ఫ్లాపీలోనే ఇవ్వాలి. 1.44 ఎంబీ ఫ్లాపీ! సాటా రకం కొత్త డిస్క్‌లు వచ్చి, ల్యాప్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవే లేకుండా పోయాక కూడా ఆ సెటప్ ఫ్లాపీనే అడిగేది. ఇవ్వకపోతే డిస్క్ అందలేదని 7బీ నంబరు నీలం తెర పడి ఆగిపోయేది. అందుకే జనం ఎన్‌లైట్ లాంటి ప్రోగ్రాములు పట్టుకుని డ్రైవర్లని సీడీలోనే కలిపేసేవాళ్లు. నాకు ఈ కలిపే పిచ్చి పట్టింది అప్పుడే. తమాషా ఏమిటంటే, ఇప్పుడీ వీఎండీ డ్రైవర్ కోసం వెతుకుతుంటే కనబడిన ఫోల్డర్ పేరులోనూ ఎఫ్6, ఫ్లాపీ అన్న గుర్తులే ఉన్నాయి. ఫ్లాపీ చచ్చి ఎన్నేళ్లయిందో, ఆత్మ మాత్రం ఇంకా ఫోల్డర్లలో తిరుగుతోంది.

రెండో రాత్రి పనిలో దిగాను. డౌన్‌లోడ్ చేసిన డ్రైవర్ నొక్కితే నడిచే ఈఎక్స్‌ఈ రూపంలో ఉంది. దాన్ని అలాగే ఫోల్డర్‌లో పెట్టి కలపమంటే, ఇందులో డ్రైవర్లేవీ లేవు పొమ్మంది డిస్మ్ అనే ఆ కలిపే పనిముట్టు. దానికి కావలసింది లోపలుండే ఐఎన్ఎఫ్ ఫైలు, దాని పరివారం. ఈఎక్స్‌ఈని విప్పి ఆ ఫోల్డర్ బయటకు లాగాను. ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవ్‌లోనూ ఒక కాపీ పడేశాను. ఆ కాపీ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

ఇన్‌స్టాల్.విమ్ ఫైలుని మౌంట్ చేసి, అంటే ఫోల్డర్‌లా తెరిచి, డ్రైవర్ ఎక్కించి, మూసి, బావగారింటికి మోసుకెళ్లాను. అదే ఖాళీ పెట్టె. అప్పుడు వెలిగింది. ఇన్‌స్టాల్.విమ్ అనేది డిస్క్ మీద పరిచే విండోస్. దాన్ని పరిచే సెటప్ వేరు, అది బూట్.విమ్‌లో ఉంటుంది. ముందు డిస్క్‌ని చూడాల్సింది ఆ సెటప్. నేను చేసింది తాళంచెవిని ఇంట్లో పెట్టి బయట తాళం వేసుకోవడం.

"అయిందా?" అంది అక్క.

"దాదాపు అయినట్టే."

"దాదాపు అంటే వీడి భాషలో కాలేదని" అని బావగారికి అనువదించింది.

మూడో రాత్రి బూట్.విమ్. దాని లోపల రెండు ఇమేజ్‌లుంటాయి. ఒకటో నంబరు విండోస్ పీఈ అనే ఉత్త బుల్లి విండోస్, రెండోది అసలు సెటప్. పెన్‌డ్రైవ్‌ నుంచి మామూలుగా లేచేది రెండోది. నేను ఎక్కించింది ఒకటో దానికి. ఎందుకంటే ఒకటి ముందు వస్తుంది కదా! ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. మళ్లీ ఖాళీ పెట్టె.

నాలుగో రాత్రి ల్యాప్‌టాప్‌తో పాటు నన్నూ తమ ఇంట్లోనే పెట్టుకున్నారు, రానూపోనూ తిరగడం దండగని. నా కంప్యూటర్ ఒక బల్ల మీద, బావగారిది ఇంకో బల్ల మీద. రెండో ఇమేజ్‌ని మౌంట్ చేశాను. డ్రైవర్ ఎక్కింది, ఆపరేషన్ విజయవంతమైందని తెర మీద పడింది. ఇక మార్పులు భద్రపరుస్తూ మూసేయాలి. చివర కమిట్ అని రాస్తే భద్రం, డిస్కార్డ్ అని రాస్తే చేసినదంతా గంగపాలు. పై బాణం నొక్కుతూ పాత కమాండ్లలో కావలసినది వెతికాను. మూసే కమాండ్ దొరికింది. ఎంటర్ కొట్టాను. పట్టీ నింపాదిగా నిండుతూ నూరు శాతానికి చేరింది. అప్పుడు చదివాను చివరి మాట. నిన్న ఏదో చెడగొట్టుకుని వదిలించుకున్నప్పటి డిస్కార్డ్ అది.

తల పట్టుకుని కూర్చున్నాను. మౌంట్ మళ్లీ మొదటి నుంచి. అంకె మెల్లగా పాకుతోంది.

వెనక నుంచి బావగారి గొంతు. "ఇదేమిటోయ్, 512 అన్నావు, 476 చూపిస్తోంది? మిగతా 36 ఏమైనట్టు?"

"అదేం లేదు బావగారూ, తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున..." అంటూనే ఆగిపోయాను. "476 ఎక్కడ చూశారు?"

ఆయన తెర ముందు వినయంగా కూర్చున్నారు. ఖాళీ పెట్టె ఖాళీగా లేదు. డిస్క్ తన పార్టిషన్లన్నిటితో బారులు తీరి ఉంది.

"నువ్వు పనిలో ఉన్నావు కదాని నీ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. మళ్లీ అదే మాట వచ్చింది. లోడ్ డ్రైవర్ నొక్కాను. ఎక్కడుందో చూపించమంది. పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ అనే ఫోల్డర్ ఉంటే చూపించాను. ఒకటే పేరు వచ్చింది, సరే అన్నాను." కొంచెం భయపడ్డారు. "ఏమైనా పాడైందా?"

పాడైంది నా పరువొక్కటే. అయినా పార్టిషన్లు తుడిచే పని మాత్రం నేనే చేస్తానని కుర్చీ లాక్కున్నాను. నాలుగు రాత్రుల కష్టానికి ఆ మాత్రమైనా దక్కాలి. ఇన్‌స్టాలేషన్ సాగింది, రీస్టార్ట్ అయింది, కొత్త డెస్క్‌టాప్ మల్లెపువ్వులా విచ్చుకుంది. ఒక్క పెట్టె లేవలేదు, ఎవరూ ఏదీ కొనమనలేదు.

అక్క గోడ గడియారం చూసింది. "నిజమేరా తమ్ముడూ, ఇరవై నిమిషాలే."

బావగారు మౌస్‌ని అటూ ఇటూ తిప్పుతూ మురిసిపోయారు. తర్వాత తెర అడుగున మూల దగ్గర ఆగారు. స్టార్ట్ మెనూ తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు.

"అంతా బాగుందోయ్. కానీ రేపు వాన పడుతుందో లేదో చెప్పే బొమ్మ ఒకటి ఉండేది. పొద్దున్నే అదొక్కటే చూసేవాణ్ని. ఏదీ?"

అలవాటుగా కిటికీ వైపు తల తిప్పాను. రాత్రి పన్నెండు దాటింది. బయట ఏమీ కనిపించడం లేదు.