పటం కట్టించిన తాజ్‌మహల్

మనవాళ్లు పటం కట్టించేది దేవుళ్లకీ, పోయిన పెద్దలకీ. ఫ్రేముల షాపులో కొలతలూ జిగురూ మేకులూ అన్నీ వాళ్ల కోసం సిద్ధంగా ఉంటాయి. జపాను చిత్రకారుడు యోషిదా హిరోషి ఈ రెండు జాబితాల్లోనూ లేడు. ఇబ్బందంతా అక్కడ మొదలవుతుంది.

1930 చివర్లో యోషిదా ఇండియా వచ్చి ఊళ్లు తిరిగి, వెనక్కి వెళ్లాక ఇక్కడి దృశ్యాలను చెక్క అచ్చులతో ముద్రించాడు. ఒక్క తాజ్‌మహల్‌నే పొద్దుటి మంచులో ఒకటి, రాత్రిపూట ఒకటి, ఇలా రకరకాలుగా వేశాడు. ఆ రాత్రిపూట తాజ్‌ని ఒకాయన వేలంలో పాడుకుని, హైదరాబాదు తెప్పించుకుని, వీధి చివరి షాపులో ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు చెప్పింది ఒకే మాట: "జాగ్రత్త తమ్ముడూ, ఖరీదైంది." ఎంత అంచు వదలాలో, దేంతో అంటించాలో చెప్పలేదు.

కాగితం సుమారు 27 × 40 సెంటీమీటర్లు. అందులో బొమ్మ 25 × 37 పైచిలుకు. షాపులో రెడీమేడ్ ఫ్రేము 10 × 15 అంగుళాలు, అంటే 25.4 × 38.1. జాతకాలు ఇంత బాగా పెళ్లిళ్లలో కూడా కలవవు. కుర్రాడు స్కేలు పెట్టి, కట్టరుతో నాలుగు వైపులా తెల్ల అంచు లేపేశాడు.

పటం చూసి ఆయన మొదట మురిసిపోయాడు కూడా. బొమ్మలో మూలగా యోషిదా పేరు, ఎర్ర ముద్ర భేషుగ్గా ఉన్నాయి. కానీ అవి అచ్చులోవి. యోషిదా పోయాక అవే చెక్కలతో వేసిన ప్రతుల్లోనూ పడతాయి. అసలు సంగతంతా అంచులో ఉంటుంది. కింది అంచున పెన్సిలుతో ఇంగ్లీషులో సంతకం, బొమ్మ పేరు. ఎడమ అంచున "జిజూరి" అనే రెండక్షరాల ముద్ర. స్వయంగా ముద్రించినది అని దానర్థం. ఆచరణలో, యోషిదా దగ్గరుండి పనివాళ్ల చేత వేయించినది అని. కొనేవాళ్లు తాజ్‌మహల్ కంటే ముందు చూసేది దాన్నే. ఇల్లు మిగిలింది, దస్తావేజులు చెత్తబుట్టలోకి పోయాయి.

సరే, వెనక వైపైనా సాక్ష్యం చెబుతుందిలే అనుకోవచ్చు. వెదురు పొర చుట్టిన "బారెన్" అనే గుండ్రటి బిళ్లతో కాగితం వీపు మీద రుద్దుతారు కాబట్టి ఆ రాపిడి జాడలూ, ఇంకిన రంగూ వెనక కనిపిస్తాయి. మామూలు ఆఫ్‌సెట్ నకలుకు అవి ఉండవు. ఆ వీపును కుర్రాడు తెల్లజిగురుతో ప్లైవుడ్‌కి అంటించేశాడు. ఆ జిగురు ఆరిందంటే నీళ్లకు లొంగదు. పైగా గాజు నేరుగా బొమ్మ మీదే కూర్చుంది. ఇవి నీళ్లలో కలిపిన రంగులు. వానాకాలం చెమ్మకు కాగితం గాజుకు అతుక్కుంటుంది, లేదా బూజు పడుతుంది.

ఆయన చెప్పాల్సింది పెద్ద పురాణమేమీ కాదు. బొమ్మకీ గాజుకీ మధ్య ఉండే అట్ట, అదే ఆమ్లం లేని మౌంట్ బోర్డు, 16 × 20 అంగుళాలు. దాని మధ్యలో కోసే కిటికీ సంతకమూ జిజూరీ కనిపించేంత వెడల్పు. బొమ్మను పై అంచున రెండే చోట్ల, బొటనవేలంత జపాను కాగితం ముక్కలతో వేలాడదీయాలి. జిగురు గోధుమ గంజిది. సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు కాదండీ, మైదాలోని బంకంతా కడిగేశాక మిగిలే పిండిని ఉడికించినది. నాలుగు వైపులా బిగిస్తే, చెమ్మకు సాగి ఎండకు కుంచించే కాగితం అప్పడంలా లేస్తుంది. సెల్లోటేపు మాట ఎత్తొద్దు; కొన్నేళ్లకు గోధుమరంగు మరక దిగిపోతుంది. గోడ కూడా ఎండ తగలనిదై ఉండాలి.

మర్నాడు సంగతి తెలిసి ఆయన షాపుకి పరుగెత్తాడు.

"తమ్ముడూ, ఆ కత్తిరించిన ముక్కలేవి?"

"అవెందుకు సార్? కింద ఎవరో పిల్లలు పెన్సిలుతో గీశారు. ముందు రబ్బరుతో తుడుద్దామనుకున్నా."

"పక్కన ముద్ర ఉండాలే?"

"ఏదో చైనా రాత. కటింగ్‌లో పోయింది. పొద్దున్నే చెత్తబండి వచ్చి వెళ్లింది సార్."

ఆయన మాట్లాడకుండా మెట్ల మీద కూలబడ్డాడు. కుర్రాడికి జాలేసింది.

"పటం వెనకాల చూశారా సార్? దండకి రెండు మేకులు కొట్టా. వాటికి డబ్బులొద్దులెండి."