ఈ-టైప్ పక్కన కొత్త కారు పెట్టి పంపే ఆ ఫోటో

ఆ ఫోటో ఉన్న మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఎడమవైపు ఎర్రటి జాగ్వార్ ఈ-టైప్, 1961 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు; కుడివైపు ముఖమంతా కన్నాలున్న కొత్త స్పోర్ట్స్ కారు. కింద అవే వాక్యాలు: అప్పుడు కళాకారులు చేత్తో గీశారు, ఇప్పుడు కంప్యూటర్లు గీస్తున్నాయి. అప్పుడు లోహం, ఇప్పుడు ప్లాస్టిక్. స్పాయిలర్లు (కారు తోక మీద గాలిని అదుపుచేసే పట్టీలు) ఉత్త షో, అవి లేకుండానే ఈ-టైప్ గంటకు 240 కిలోమీటర్లు పోయింది. కొత్తవి ఉబ్బిపోయాయి, వాటి కన్నాలు ఉత్తుత్తివి. చట్టాలు అందాన్ని చంపేశాయి. చివర్లో ఒక సలహా: మీ కారు స్పాయిలర్ పీకేసి అసలు అందం చూడండి. పంపేవాళ్ళు కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు. వాళ్ళే ఇలా రాస్తే ఊరుకోవడం కష్టం.

ముందు చిన్నవి తేల్చేద్దాం. "అప్పట్లో కార్లకు పేర్లుండేవి, ఇప్పుడు నంబర్లు" అట. ఈ-టైప్, ఫెరారీ 250 జీటీఓ, పోర్షే 911, మెర్సిడెస్ 300 ఎస్ఎల్: అన్నీ అప్పటి కార్లే. వీటిలో పేరేదో చెప్పండి. ఫెరారీ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ ఈ-టైప్‌ను ప్రపంచంలోకెల్లా అందమైన కారన్నాడట. ఎక్కడ అన్నాడో, ఎప్పుడు అన్నాడో ఆ మెసేజ్‌లో ఉండదు. అన్నా అనకపోయినా ఆ కారు అందంలో తేడా రాదు.

"కళాకారులు చేత్తో గీశారు." ఈ-టైప్ రూపం మాల్కమ్ సేయర్‌ది. ఆయన బ్రిస్టల్ విమానాల కంపెనీ నుంచి జాగ్వార్‌కు వచ్చిన ఏరోడైనమిక్స్ ఇంజనీరు. 1955, 56, 57లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన డీ-టైప్ కారు కూడా ఆయన చేసిందే. వంపులను స్లైడ్ రూల్‌తో, లాగరిథమ్ పట్టికలతో లెక్కగట్టేవాడు. ఇప్పుడు కంప్యూటర్ చేస్తున్నది ఆ లెక్కే, వేగంగా. 1962 ఫెరారీ 250 జీటీఓ ముక్కునీ తోకనీ దిద్దిన బిజ్జరీనీ కూడా ఇంజనీరే. పీసా విశ్వవిద్యాలయం విండ్ టన్నెల్‌ను (కారు మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగాన్ని) వాడుకున్నాడు.

ఇక "ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది" అనేవాళ్ళకు డిజైన్ స్టూడియోలో ఏం జరుగుతుందో తెలియదు. కారు నమూనా కోసం నురుగు దిమ్మ మీద క్లేను (మైనంలాంటి మట్టిని) 60 డిగ్రీల దాకా వేడిచేసి పూస్తారు. చల్లబడితే అది గట్టిపడుతుంది. మిల్లింగ్ యంత్రం మోటుగా చెక్కి వదిలేస్తే, మనుషులు పలచటి ఉక్కు పలకలతో మిల్లీమీటరులో భాగాల చొప్పున గీకుతారు. ఆపైన సాగే ఫిల్మ్ అంటించి, వెలుగు గీత బానెట్ నుంచి తలుపు మీదుగా వెనక చక్రం దాకా విరగకుండా పారుతోందా అని చూస్తారు. విరిగితే మళ్ళీ గీకుడే. 1920ల చివర్లో హార్లీ ఎర్ల్ జనరల్ మోటార్స్‌లో పాదుకొల్పిన పద్ధతి ఇది, ఇంకా పోలేదు.

"లోహం, ప్లాస్టిక్" మాట కొన్ని ఉదాహరణలతో సరి. 1953 అమెరికన్ కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్, అంటే ప్లాస్టిక్కే. 1960ల ఫ్రెంచ్ స్పోర్ట్స్ కారు ఆల్పీన్ ఏ110 బాడీ ఫైబర్‌గ్లాస్. 2017లో వచ్చిన కొత్త ఏ110 బాడీ అల్యూమినియం. ఈ-టైప్ బానెట్ మీద పొడుగ్గా మెరిసే సన్నటి క్రోమ్ పట్టీల పని ఏమిటంటే, చక్రాల మీది పక్క రేకులు మధ్య ముక్కకు కలిసే అతుకులను దాచడం.

"పాతవన్నీ అందగత్తెలే" అనేది జ్ఞాపకం చేసే మోసం. 1966లో జాగ్వారే ఈ-టైప్ 2+2 తెచ్చింది: వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 9 అంగుళాలు పెంచి, కప్పు ఎత్తి, వెనక పిల్లల సీట్లు పెట్టింది. పక్కనుంచి చూస్తే ఆ గీత ఎక్కడ చెడిందో వెంటనే తెలుస్తుంది. ఆ ఫోటో ఎవరూ పంపరు. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, నేల నుంచి ఎత్తు పెంచిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఫోటో కూడా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. "స్పాయిలర్ ఉత్త షో" అన్న వాక్యం తప్పు మాత్రమే కాదు, ప్రమాదం.

కారు పైభాగం వంపు తిరిగి ఉంటుంది. దాని మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది, పీడనం తగ్గుతుంది, కారును పైకి లాగుతుంది. ఈ లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది: గంటకు 100 కి.మీ. దగ్గర 20 కిలోలైతే 200 దగ్గర 80. వెనక్కి నున్నగా జారిన తోక చూడముచ్చటే, కానీ గాలి ఆ వాలును చివరిదాకా అంటుకుని దిగుతుంది కాబట్టి వెనక ఇరుసు మీద లిఫ్ట్, అంటే ఆ పైకి లాగుడు, ఎక్కువ. తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. మలుపులో యాక్సిలరేటర్ వదిలారా, బరువు ముందుకు పోతుంది. అప్పటికే తేలికైన వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి, కారు గిర్రున తిరుగుతుంది.

దీనికి రుజువు 1998 ఆడి టీటీ. ఆ మెసేజ్ కోరుకునే కారు అచ్చంగా అదే: శుభ్రమైన గుండ్రటి వంపులు, స్పాయిలర్ లేదు, అనవసరమైన గీత ఒక్కటీ లేదు. జర్మనీ ఆటోబాన్ మీద అతివేగంలో లేన్ మారుతూ, మలుపులు తిరుగుతూ వరుసగా ప్రమాదాలకు గురైంది. ప్రాణాలు పోయాయి. చివరికి ఆడి అమ్మిన కార్లను వెనక్కి పిలిచి డిక్కీ మీద స్పాయిలర్ బిగించింది, సస్పెన్షన్ మార్చింది, ఈఎస్‌పీ (కారు జారకుండా బ్రేకులను తానే సర్దే వ్యవస్థ) పెట్టింది. ఆ చిన్న పట్టీ వల్ల టీటీ అందం కాస్త తగ్గిన మాట నిజమే. తగ్గనివ్వండి!

పాతవాళ్ళకు ఇది తెలియదనుకుంటున్నారా? 911 తోక తేలిపోతుందనే 1972లో పోర్షే కరెరా ఆర్ఎస్ 2.7కు బాతు తోక బిగించింది. ఈరోజు ఆ తోకనే అందమని ముద్దుచేస్తున్నది ఈ మెసేజ్ పంపేవాళ్ళే. 1966 లాంబోర్గినీ మియురా పెట్రోల్ ట్యాంకు ముందువైపు ఉంటుంది. ఖాళీ అయ్యేకొద్దీ ముక్కు తేలికవుతుంది, అతివేగంలో స్టీరింగ్‌కు పట్టు తగ్గుతుంది. ఇక ఈ-టైప్ 240 సంగతి: పత్రికల పరీక్షకు ప్రత్యేకంగా సిద్ధం చేసి ఇచ్చిన కార్లు తెచ్చిన అంకె అది. షోరూమ్‌లో కొన్నవి అంత పోలేదు.

కాబట్టి ఆ చివరి సలహా పాటించకండి. కంపెనీ ఇచ్చిన స్పాయిలర్‌కు తగ్గట్టే ముందు బంపరు కింది పెదవి లాంటి లిప్‌నీ, సస్పెన్షన్‌నీ కుదిర్చి ఉంటారు. వెనకది ఒక్కటే తీస్తే ముందుభాగం అతుక్కుపోయి, వెనక తేలుతుంది. కొన్నింటిలో మూడో బ్రేక్ లైటు దాంట్లోనే ఉంటుంది. మూయని బోల్టు రంధ్రాల్లోంచి నీళ్ళు డిక్కీలోకి దిగి, రేకు అంచు తుప్పు పడుతుంది. బజారులో పెద్ద రెక్క కొని బిగించడం ఇంకో తప్పు. ముందు ఏమీ మార్చకుండా వెనక ఇరుసు వెనకాల నొక్కితే ముక్కు లేస్తుంది, మలుపులో కారు తిరగకుండా తిన్నగా పోతుంది. పైగా లోపలివైపు పలక వేయకుండా పలచటి డిక్కీ రేకుకు నేరుగా బోల్టు బిగిస్తే రంధ్రం చుట్టూ రేకు చిట్లుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 లోపు పోయే హ్యాచ్‌బ్యాక్‌కు స్పాయిలర్ ఉన్నా లేకపోయినా డ్రైవరుకు పెద్ద తేడా తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మెసేజ్ హ్యాచ్‌బ్యాక్ గురించి కాదు, 250 దాటే కార్ల గురించి.

"చట్టాలు అందాన్ని చంపాయి." సగం నిజం. ఈ-టైప్ హెడ్‌లైట్ల మీది గాజు మూతను 1967 చివర్లో తీయించింది అమెరికా నిబంధనే, ముఖం పాడైంది. కానీ లేచే హెడ్‌లైట్ల కోసం కన్నీళ్ళు పెట్టేవాళ్ళు ఒకటి మరిచిపోతున్నారు. వాటిని పెంచి పోషించింది కూడా చట్టమే. లైటు ఇంత ఎత్తులో ఉండాలి, 1983 దాకా అమెరికాలో నిర్ణీత సైజు సీల్డ్ బీమే (బల్బూ గాజూ ఒకే ముక్కగా ఉండే పెద్ద లైటే) ఉండాలి. పలచటి ముక్కులో అది పట్టదు కాబట్టి పైకి లేపారు. 2004లో కార్వెట్ సీ5, లోటస్ ఎస్ప్రీలతో అవి ఆగిపోయాయి. పాదచారుల రక్షణ నిబంధనలు ఒక కారణం, లైట్లే చిన్నవైపోవడం ఇంకో కారణం. బానెట్ ఎత్తు పెరగడం కూడా పాదచారి తల కోసమే, రేకుకీ ఇంజనుకీ మధ్య ఖాళీ కావాలి. 2006 జాగ్వార్ ఎక్స్‌కే దీనికి ఒక దారి వాడింది: మనిషి తగలగానే చిన్న పేలుడుతో బానెట్ వెనక అంచు లేస్తుంది, మిగతా సమయమంతా తగ్గే ఉంటుంది. పాత కార్ల కప్పును మోసే సన్నటి పిల్లర్ల మధ్య నుంచి రోడ్డు ఎంత బాగా కనిపించేదో నాకూ తెలుసు. కారు బోల్తా పడితే అవి ఏమవుతాయో కూడా తెలుసు.

ఇక ఆ మెసేజ్ గెలిచేచోటు. ఉబ్బు గురించి దాని మాట నిజం. మొదటి 911 వెడల్పు 1,610 మి.మీ., 2019లో వచ్చిన 911 (దాని కోడ్ 992)ది 1,852. ఉత్తుత్తి కన్నాల విషయంలోనైతే నా దగ్గర ఏ సమాధానమూ లేదు. 2019 టొయోటా సుప్రా తలుపు మీది సందులోకి గాలి పోదు, లోపల ప్లాస్టిక్ మూత ఉంది. ఏ కారునైనా ఇలా పరీక్షించండి: కన్నంలోకి టార్చి వేసి చూస్తే రేడియేటరో, బ్రేకుకు పోయే గొట్టమో, చక్రం గూడో కనిపించాలి. కనిపించకపోతే అది అబద్ధం. ఇంకో మాట: 1961 ఈ-టైప్ కూపే కంటే అందమైన కారు ఆ తర్వాత రాలేదు. అది కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ పోలిస్తే సరిగ్గా పోల్చండి. మీ ఫోటోలో పాత కారును దూరం నుంచి జూమ్ చేసి తీశారు, కొత్తదాన్ని రెండడుగుల దూరంలో ఫోన్ వైడ్ లెన్స్‌తో తీశారు. అలా తీస్తే ఈ-టైప్ ముక్కు కూడా బూరెలా ఉబ్బుతుంది. రెండింటికీ ఎనిమిది పది మీటర్లు వెనక్కి జరిగి, 3ఎక్స్ జూమ్ పెట్టి, కెమెరాను హెడ్‌లైట్ ఎత్తుకు దించి తీయండి. కుడివైపు కొత్త ఆల్పీన్ ఏ110 పెట్టండి: పొడవు 4,180 మి.మీ., బరువు సుమారు 1,100 కిలోలు. డిక్కీ మీద స్పాయిలర్ లేదు. ఆ పని కారు అడుగున పరిచిన చదునైన పలక, వెనక డిఫ్యూజర్ (కింది గాలిని సాఫీగా బయటికి వదిలే వాలు) చేస్తున్నాయి. ఆ ఫోటో వస్తే నేనే నలుగురికి పంపుతాను.