ప్రయోగమైతే మా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?

నిన్న నెల్లూరులో థెరపీ సెంటర్ వరండాలో కూర్చుని ఉండగా, విడవలూరు వైపు నుంచి వచ్చే ఒక తల్లి నన్ను అడిగింది. "అన్నా, తలకు అయస్కాంతం పెట్టి మాటలు తెప్పిస్తారట కదా! ఇరవై సిట్టింగులకు లక్షన్నర అన్నారు. రొయ్యల పట్టుబడి అయ్యాక కడదామనుకుంటున్నాం. మీరు వెళ్లి వచ్చారట కదా?"

టీఎంఎస్ అనే ఆ అయస్కాంత చికిత్స కోసం వెళ్లి వచ్చాం. అప్పటి నుంచి మనసులో నలుగుతున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా బాబుకు ఏడేళ్లు. ఆటిజం అని తెలిసి నాలుగేళ్లయింది. వారానికి మూడు రోజులు కావలి నుంచి నెల్లూరు వస్తాం. ఆరు నెలల కిందట ఒక పెద్ద నగరంలోని కేంద్రం వాళ్ల వీడియో చూసి, ఆశతో రైలెక్కాం. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరే పిల్లవాడు వాడు. ఆ యంత్రం పెట్టే ప్రతి పల్స్‌కూ టక్కుమని గట్టి శబ్దం వస్తుంది. తల దగ్గరికి కాయిల్ (అయస్కాంత క్షేత్రం పుట్టించే తీగచుట్ట) తేగానే గది దద్దరిల్లేలా ఏడ్చాడు. "చేతులు పట్టుకోండి సార్, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నారు. నేను పట్టుకున్నాను కూడా. నా చేతుల్లో వాడి మణికట్లు వణకడం ఇప్పటికీ మరచిపోలేను. అర నిమిషంలో వదిలేసి, వాడిని ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

నాకు ఎక్కువ కోపం తెప్పించిన సంగతి తరువాత తెలిసింది. ఈ పద్ధతిలో అరుదుగానైనా మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ వ్యాధి మామూలు పిల్లల్లో కంటే ఎక్కువ. మా వాడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. డబ్బు ఒకేసారి కడతారా, రెండు విడతల్లోనా అని మాత్రం ఇద్దరు అడిగారు.

మా బంధువులు దీన్ని కరెంటు షాక్ అనుకుని భయపడ్డారు. అది నిజం కాదు. టీఎంఎస్‌లో తల మీద పెట్టిన కాయిల్ నుంచి క్షణకాలం అయస్కాంత క్షేత్రం పుట్టి, మెదడు పైపొరలోని కణాలను కదిలిస్తుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని మొదట చేసి చూపింది. కండరాలను నడిపే భాగం మీద పెడితే చేతి వేళ్లు వాటంతటవే కదిలాయి. టీడీసీఎస్ అని మరొకటి ఉంది. ఉప్పునీటిలో తడిపిన స్పాంజీలు తలకు కట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల సన్నని కరెంటును ఇరవై నిమిషాల పాటు పంపుతారు. రెండింటికీ కోత లేదు, మత్తు లేదు. ఇది బూటకపు శాస్త్రం కాదు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ టీఎంఎస్‌ను పెద్దల డిప్రెషన్‌కు 2008లో, ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వెంటాడే మానసిక సమస్య) 2018లో అనుమతించింది. 2024లో 15 ఏళ్లు నిండినవారి డిప్రెషన్‌కు కూడా అనుమతి వచ్చింది. ఏడేళ్ల పిల్లవాడి ఆటిజం ఆ జాబితాలో లేదు.

ఆటిజం మీద పరిశోధనలు జరుగుతున్నాయి, కొన్నింటిలో మంచి ఫలితాలూ కనిపించాయి. జరగాలి కూడా. మా వాడి లాంటి పిల్లల కోసం ఎవరో ఒకరు రాత్రింబవళ్లు ఆలోచిస్తున్నారంటే వాళ్లకు దండం పెడతాను. కానీ పరిశోధనను సరిగ్గా చేసేవాళ్లు, పోల్చి చూడడానికి సుమారు సగం మంది పిల్లలకు ఉత్తుత్తి కాయిల్ పెడతారు. శబ్దం వస్తుంది, క్షేత్రం మెదడును చేరదు. ఎవరికి ఏది పెట్టారో తల్లిదండ్రులకు తెలియదు. అంత జాగ్రత్త ఎందుకో నాకు మా ఇంట్లోనే అర్థమైంది. ఆ నగరం నుంచి తిరిగి వచ్చిన ఐదో వారంలో మా వాడు గ్లాసు చూపించి "నాన్నా, నీళ్లు" అన్నాడు. నాలుగేళ్లలో రెండు మాటలు కలపడం అదే మొదటిసారి. మా స్పీచ్ థెరపిస్టు రెండేళ్లుగా బొమ్మల కార్డులతో ఆ రెండు మాటల కోసమే కష్టపడింది. ఆ ఇరవై సిట్టింగులు చేయించి ఉంటే నేను ఆమెకు కాక యంత్రానికి మొక్కేవాడిని. వాళ్ల వీడియోలో నా ముఖమే కనిపించేది. నన్ను చూసి ఇంకో పది మంది నగలు తాకట్టు పెట్టేవారు.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నైతిక మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో పాల్గొనేవారి నుంచి దాని ఖర్చు వసూలు చేయకూడదు. ఏడేళ్లు నిండిన పిల్లలనూ వారికి అర్థమయ్యేలా అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. క్లినికల్ ట్రయల్స్‌ను, అంటే మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాలను, సీటీఆర్‌ఐ అనే జాతీయ పట్టికలో నమోదు చేయాలన్న నిబంధన 2009లోనే వచ్చింది. ఆటిజానికి మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సను సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ నైతిక బోర్డు 2022లో చెప్పేనాటికి ఎన్ని కుటుంబాలు దాని కోసం పొలాలు అమ్ముకున్నాయో మనకు తెలుసు. మళ్లీ అదే జరగనివ్వడం నాకు ఇష్టం లేదు. ప్రయోగమైతే మా దగ్గర డబ్బు తీసుకోకండి. వైద్యమైతే రుజువు చూపించండి. రెండూ కాని దానికి లక్షన్నర ఎలా అడుగుతారు?

ఆశ పడినందుకు తల్లిదండ్రులను ఎవరూ తిట్టవద్దు. మా ఆవిడ రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులోకి దిగి, ఎవరో తెలియని ఒక ముస్లిం తల్లి చేతి నుంచి ఆరోగ్య రొట్టె అందుకుంది. నేను గట్టున నిలబడి కళ్లు తుడుచుకున్నాను. అక్కడ కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి రొట్టె ఇస్తారు. తీరనివాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

విడవలూరు తల్లికి ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. సీటీఆర్‌ఐ నంబరు ఎంత? నైతిక కమిటీ అనుమతి పత్రం చూపిస్తారా? బాబుకు ఫిట్స్ చరిత్ర చూసేది ఏ న్యూరాలజిస్టు? మధ్యలో ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? ఫలితాన్ని కొలిచేది మీరేనా, బయటివాళ్లా? మానేస్తే డబ్బు తిరిగి ఇస్తారా? ఆమెకు చదవడం కొద్దిగానే వచ్చు. ఒక్కొక్కటీ నా చేత రెండుసార్లు చదివించుకుని, కాగితాన్ని మడిచి బాబు ఫైలులో పెట్టుకుంది. సోమవారం వాళ్లకు ఫోన్ చేస్తానంది.