హెచ్-ఇండెక్స్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారికి,

తిరుపతి లెక్కల మేష్టర్లు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరు 2005లో కాలిఫోర్నియాలో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చేతిలో పుట్టారు. పరిశోధకుడి పేపర్లను తక్కినవాళ్ళు ఎంతగా ఉదహరించారో ఒక్క అంకెలో చెప్పడం తమరి పని. ఈ ఊళ్ళో 1954లో యూనివర్సిటీ పెట్టాక యాభై ఏళ్ళు తమరు లేకుండానే లెక్కలు నడిచాయి. ఇప్పుడైతే ఇంటర్వ్యూ బల్ల మీద థీసిస్ కంటే ముందు తమరి దర్శనమే చేయించాలి. థీసిస్ అయితే చదవాలి, తమరు ఒక్క అంకె!

తమరి లెక్క కొండమీది క్యూ లాంటిది. ఒక పేపరును మరో పేపరు ఉదహరిస్తే అది ఒక సైటేషన్. ఎన్ని పేపర్లకు తలా కనీసం అన్నేసి సైటేషన్లు ఉంటే తమరు అంత. ఒకాయన పేపర్లను సైటేషన్ల వరసలో పేరిస్తే 25, 14, 9, 6, 5, 3, 1 వచ్చాయనుకోండి. అయిదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 3 మాత్రమే. కాబట్టి తమరు 5. మొదటి పేపరు 25 కాస్తా 2,500 అయినా తమరు ఉలకరు. ఆరోది మాత్రం వైకుంఠం కంపార్టుమెంటులో కూర్చునే ఉంటుంది. తలుపు తీయడానికి కావలసింది అయిదోదానికి ఒకటి, ఆరోదానికి మూడు, వెరసి నాలుగు సైటేషన్లు. రాబోయే మూడు పేపర్ల ముందుమాటల్లో "ఈ దిశలో ఇటీవలి కృషికి చూడండి" అని తలా ఒక వాక్యం పెడితే సరి. సొంత సైటేషన్లు తీసేస్తామన్నారా? పక్క కాలేజీ ఆయన ఉన్నాడుగా. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం.

తమరికి ఇష్టమైన నైవేద్యం కూడా కనిపెట్టాం సామీ. సాగే పలక మీద నానోఫ్లూయిడ్, అంటే అతి సన్నని కణాలు కలిపిన ద్రవం, ప్రవాహం. సిమిలారిటీ రూపాంతరంతో పాక్షిక అవకలన సమీకరణాలను సాధారణ అవకలన సమీకరణాలుగా దించాలి, మ్యాట్‌ల్యాబ్‌లో వాటిని సాధించిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాం బివిపి4సికి అప్పగించాలి, వేగానికీ ఉష్ణోగ్రతకూ రంగురంగుల గ్రాఫులు గీయాలి. తర్వాతి పేపర్లో అయస్కాంత క్షేత్రం చేర్చాలి, ఆ తర్వాత రేడియేషన్, ఆపైన రంధ్రాల పలక. నీళ్ళలో రాగి కణాలు అయిపోతే అల్యూమినా కూడా కలిపి 'హైబ్రిడ్' అనాలి. కొత్తది పాతవాటన్నిటినీ సైట్ చేస్తుంది. (ఇందులో నిజంగా మంచి పని చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకే ఈ వంట చూస్తే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.) పలకకు అనంత దూరంలో వేగం సున్నా కావాలి, కంప్యూటరుకు అనంతం తెలియదు కాబట్టి దాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. తొందరపడి 5 దగ్గరే తెంచితే, వేగం రేఖ మెల్లగా సున్నాలో కలిసిపోకుండా, జారుడుబల్ల మీంచి దిగినట్టు ఏటవాలుగా వచ్చి అక్షానికి గుద్దుకుంటుంది. గ్రాఫు చూస్తేనే తప్పు తెలిసిపోతుంది. చూడకుండా సైట్ చేసినా తమరి ఖాతాలో ఒకటే జమ.

ఇక సంఖ్యాశాస్త్రంలో ఒక తెలుగాయన సంగతి. సి.ఆర్. రావు గారు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. అంచనాలో తప్పు ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామర్-రావు హద్దూ, అంచనాను మెరుగుపరిచే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమూ అందులోవే. దానికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో వచ్చింది, 78 ఏళ్ళకు. తమరి అన్నగారు, అదే సైటేషన్లను బట్టి జర్నళ్ళకు అంకె వేసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, వెనక్కి చూసేది రెండేళ్ళే. లెక్కల్లో పేపరును పరీక్షించే రిఫరీ ఉత్తరం రావడానికే ఏడాది పడుతుంది, దాన్ని చదివి ఇంకొకరు రాసేలోపు అన్నగారి కిటికీ మూసేస్తారు. పైగా పేరు పాఠ్యపుస్తకం ఎక్కాక మూలం జోలికి పోయేదెవరు? "రావు-బ్లాక్‌వెల్ వల్ల" అని రాసి ముందుకు పోతారు. ఆ వాక్యానికి తమరి దగ్గర సున్నా.

తమరి బంధువు, మేష్టర్ల పేపర్లకు మార్కులు వేసే యూజీసీ పాయింట్ల పట్టిక వేరే. 2018 నిబంధనల ప్రకారం ఇద్దరికి మించి రాస్తే మొదటి లేదా ప్రధాన లేదా కరెస్పాండింగ్ రచయితకు 70 శాతం, మిగిలినవాళ్ళకు తలా 30. లెక్కల్లో పేర్లు అక్షరక్రమంలో వేస్తాం, కరెస్పాండింగ్ అంటే జర్నల్ సైటులో పీడీఎఫ్ ఎక్కించినవాడు. ఇంగ్లీషులో 'వి' 22వ అక్షరం. వెంకటేశ్వరుడి ఊళ్ళో వెంకట అని పేరు పెట్టుకున్న పాపానికి ఎప్పుడూ చివరే, ఎప్పుడూ 30. దీనికి పేపర్లనూ సైటేషన్లనూ లెక్కపెట్టే గూగుల్ స్కాలర్ ఒక పరిహారం చూపిస్తుంది. అదే పేరున్న దంతవైద్యుడి పేపర్లు వచ్చి మనవాడి ఖాతాలో పడతాయి. తీసేసే బటన్ ఉంది, నొక్కినవాడు మాత్రం కనబడడు.

2023లో సైటేషన్ల లెక్కలు అమ్మే క్లారివేట్ కంపెనీ వాళ్ళు అత్యధిక సైటేషన్లున్న పరిశోధకుల జాబితా నుంచి గణితాన్నే మొత్తంగా తప్పించారు. పేపర్లూ సైటేషన్లూ సగటున తక్కువుండే చిన్న రంగం, కాస్త వత్తితే అంకెలు పక్కకు ఒరుగుతాయట. ఆ ముక్క తమరి భక్తులెవరూ ఇంటర్వ్యూ గదిదాకా తేలేదు.

చిత్తగించవలెను.

తా.క.: సైటేషన్లు లెక్కపెట్టే సైట్లలో తమరు ఒక్కోచోట ఒక్కోలా, స్కాలర్‌లో 11, స్కోపస్‌లో 7, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 5 చూపిస్తే అప్లికేషన్‌లో ఏది రాయమంటారు? గడి ఒక్కటే ఉంది. శుక్రవారం లోపల సెలవియ్యండి, ఆఖరు తేదీ.