ఊడే పండ్లకు డాక్టరేంది?

మా అమ్మాయి నోరు తెరిపించి మొట్టమొదట శ్రద్ధగా పరీక్ష చేసింది ఏ డాక్టరూ కాదు, మా బామ్మర్ది. పిల్లకు అప్పుడు ఏడో నెల. పై పన్ను ముందు మొలిస్తే మేనమామకు గండమని ఎవరో చెవిన వేశారట, కరీంనగర్‌లో మొదటి బస్సెక్కి వచ్చేశాడు. కాళ్ళయినా కడుక్కోకుండా ఫోన్ టార్చి వెలిగించి చిగుళ్ళన్నీ గాలించాడు. కింద చిగురు మీద బియ్యపు గింజ మొనల్లా తెల్లగా రెండు. అవి కనబడ్డాక గానీ చాయ్ ముట్టలేదు. మధ్యాహ్నం పిల్లకు వెండిగిన్నె ఇచ్చి, సాయంత్రం బస్సుకు నిశ్చింతగా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడేళ్ళపాటు ఆ నోట్లోకి తొంగిచూసిన మనిషి లేడు. మొదటి పుట్టినరోజు లోపే పిల్లల్ని ఒకసారి చూపించాలని పళ్ళ డాక్టర్లు చెబుతారు. మా ఇంట్లో ఆ తనిఖీ ఏడో నెలలోనే ముగిసింది కాబట్టి మేం నియమం తప్పామనడానికి వీల్లేదని మనవి.

పాల పళ్ళ విషయంలో మన జాతికి స్థిరమైన ఒక తత్వం ఉంది. ఎట్లాగూ ఊడిపోయేవే కదా! ఇల్లూ వాకిలీ అశాశ్వతమని బోధించే స్వాములు కూడా ఆశ్రమానికి ప్రహరీ కట్టించుకుంటారు. మనం పాల పళ్ళ మీద ఆపాటి మమకారం కూడా పెట్టుకోం. అవి మొత్తం 20. ముందువి ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక దవడ పళ్ళు మాత్రం 10 నుంచి 12 ఏళ్ళ దాకా ఉంటాయి. అంటే బళ్ళో చేరిన దగ్గర్నుంచి ఆరో తరగతి దాకా ఆ పిల్ల వాటితోనే సకినాలు నమలాలి. పైగా వెనక రాబోయే అసలు పన్నుకు చోటు ఆపి ఉంచేవీ అవే, బస్సు కిటికీలోంచి సీట్లోకి కర్చీఫ్ వేసినట్టు. మధ్యలో కర్చీఫ్ తీసేస్తే ఏమవుతుందో ఆర్టీసీ బస్సెక్కిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. పక్కవాళ్ళు జరిగి కూచుంటారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. మొన్న ఒకరోజు మా అమ్మాయి విరగబడి నవ్వుతుంటే కింద దవడ పన్ను మీద నల్లటి గుంట కనిపించింది. ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. మా అమ్మ తీర్పు ఒక్క ముక్కే: "ఊడే పండ్లకు డాక్టరేంది? మమ్మల్ని ఎవడు తీస్కపోయిండు?"

అసలు చిక్కు వేరే. మా ఇంట్లో శాంతిభద్రతల శాఖ మొత్తం డాక్టరు చేతిలోనే ఉంది. అన్నం తినకపోతే డాక్టరు సూదేస్తాడు. పడుకోకపోతే సూది. ఫోన్ తిరిగివ్వకపోతే పెద్ద సూది. మూడున్నరేళ్ళుగా జీతం బత్తెం లేకుండా, తనకు తెలియకుండానే మా ఇంటి కానిస్టేబులుగా చేస్తున్న ఆ మనిషి దగ్గరికే ఇప్పుడు పిల్లను నవ్వుతూ తీసుకెళ్ళాలి. కాబట్టి పార్కుకు అని చెప్పాం.

ఆ రహస్యం లిఫ్టు దాకా కూడా నిలవలేదు. పక్క ఫ్లాటు ఆంటీ పిల్ల గడ్డం పట్టుకుని, "పళ్ళ డాక్టరు దగ్గరికా తల్లీ? ఏం భయం లేదు, నొప్పే ఉండదు" అని ధైర్యం చెప్పింది. నొప్పి అనే అంశం చర్చకు రావడం అదే మొదలు. మిగిలిన పని ఆటో అతను పూర్తిచేశాడు. "ఏం పాపా, పన్ను పీకుతరా?" అని అద్దంలోంచి ఆప్యాయంగా పలకరించాడు. ఒక పిల్లకు పళ్ళ డాక్టరంటే భయం పుట్టించడానికి ఊరంతా కలిసి ఇంత కష్టపడుతుంటే, ఆ ఘనత ఒక్క డ్రిల్లింగు మిషనుకే కట్టబెట్టడం అన్యాయం.

క్లినిక్కులో డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. సూది లేదు, మీసాలు లేవు. మా అమ్మాయి నిర్ఘాంతపోయింది. కుర్చీని పైకీ కిందికీ రెండుసార్లు జెయింట్‌వీల్‌లా తిప్పి, చేతికో చిన్న అద్దమిచ్చి, గాలి కొట్టే గొట్టాన్ని ముందు గోరు మీద కొట్టి చూపించింది. మొదట చెప్పడం, తర్వాత చూపించడం, ఆపైనే చేయడం. పిల్లల పళ్ళ డాక్టర్లకు చదువులోనే నేర్పే పద్ధతట ఇది. మన సంప్రదాయ పద్ధతి అందరికీ తెలిసిందే: చెప్పకు, చూపించకు, కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకో. నేను ఆ ప్రకారమే చొక్కా చేతులు మడిచి సిద్ధంగా నిలబడ్డాను. "మీరు కూర్చోండి సార్, పాప బాగానే ఉంది. మీకే చెమటలు పడుతున్నాయి" అంది ఆవిడ.

పళ్ళు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. మా అమ్మాయికి 12 దాటితే అంకెలు రావు, కాబట్టి ఒకసారి పన్నెండు, మళ్ళీ ఒకటి నుంచి ఎనిమిది. దవడలో రెండు పుచ్చాయి. పై ముందు పళ్ళకు చిగురు దగ్గర సుద్దముక్కలా తెల్లటి గీత.

"రాత్రి సీసాతో పాలు తాగుతూ పడుకుంటుందా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ ఫ్యాన్ వైపు చూసింది.

"చక్కెర వేస్తారా?"

"రెండు చెంచాలే" అంది మా అమ్మ ఫ్యాన్‌తోనే.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుందట. అప్పుడు తీపి పాలు పై పళ్ళ చుట్టూ తెల్లారేదాకా నిలవుంటాయి. కింది ముందు పళ్ళను మాత్రం నాలుక కప్పి కాపాడుతుంది. చూస్తే అవి ముత్యాల్లానే ఉన్నాయి. మా బామ్మర్ది గండం తప్పించిన పళ్ళు కదా, ఆమాత్రం నిలదొక్కుకోకపోతే ఎట్లా!

అంతవరకు సజావుగానే సాగింది. "ఇవాళ ఫ్లోరైడ్ పూద్దాం, రెండు ఫిల్లింగులు వచ్చే వారం" అంది డాక్టరమ్మ. మా అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

మా అమ్మ పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడ ఆ మాటను ఇంగ్లీషు రానివాళ్ళు కూడా స్పష్టంగా పలుకుతారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్‌ను 1937లో దేశంలోనే మొట్టమొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆపైన నల్గొండ దాని పేరు మోసింది. ఈ ఒక్క విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ ఎలాంటి పంపకాల తగాదా లేదు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే విధానాన్ని ప్రపంచమంతా 'నల్గొండ పద్ధతి' అనే పిలుస్తుంది. మా జిల్లా పేరు ముందు పుస్తకాలకెక్కింది, మంచినీళ్ళు చాలా ఏళ్ళకు గానీ గడప ఎక్కలేదు.

"మా ఊర్ల బోరింగుల ఫుక్కట్‌గ వచ్చేదమ్మా అది. తాగి తాగి నడుములు వంగినయ్. మీరు పైసలు తీస్కొని పూస్తరా?"

డాక్టరమ్మ నవ్వలేదు, అది మెచ్చుకోవాలి. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి, పళ్ళు తయారయ్యే వయసులో రోజూ కడుపులోకి పోతే హాని. ఇది పన్ను పైన అంటించే రెండు చుక్కలు, పన్నును గట్టిపరుస్తుంది. పేస్టు కూడా అంతే: మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత. ప్రకటనల్లో బ్రష్షు పొడుగునా అలల్లా పరిచేది పేస్టు అమ్ముకోవడానికి.

"అంటే గదే రోగం, గదే మందా?"

"ఔనమ్మా. ఎంత, ఎక్కడ అన్నదే తేడా."

మా అమ్మ కూర్చుంది, ఒప్పుకుని కాదు, మోకాళ్ళు నొప్పెట్టి.

పూత అరనిమిషంలో అయిపోయింది. పిల్ల ఏడవలేదు. ఏడవనందుకు బహుమానం ఇవ్వాలి కదా, క్లినిక్కు కిందే బేకరీ ఉంది. ఈ ఏర్పాటును చూసి నేను ఆశ్చర్యపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కేంద్రం టూత్‌పేస్టు మీద జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గించింది. అదే రోజున చాక్లెట్ మీద కూడా 18 నుంచి 5కే. పుచ్చుకూ బ్రష్షుకూ మధ్య ఇంత నిష్పక్షపాతంగా నిలబడిన సర్కారు ఉండగా, సామాన్య తండ్రి ఒక చాక్లెట్ కొంటే తప్పా? కొన్నాను. మా ఆవిడ దాన్ని లాక్కుని తనే తినేసింది.

ఆ రాత్రి పాల సీసా లేదు. బదులుగా మా అమ్మాయి నానమ్మను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, నా ఫోన్ టార్చి వెలిగించి, "ఆ... అను" అంది. మా అమ్మ నోరు తెరిచింది. పన్నెండు దాకా లెక్క సాగలేదు, మధ్య మధ్య ఖాళీలు. ఉన్నవాటి మీద గోధుమరంగు చారలు. వాటిని వేలితో రుద్ది చూసింది, పోలేదు.

"నానమ్మా, నువ్వు మస్తు చాక్లెట్లు తిన్నవా?"

"లే బిడ్డా. నీళ్ళు తాగిన."